మిషను శెట్టి బండి

అట్ల కొట్టొద్దప్పా దస్తగిరీ! ఆ సుత్తి పక్కన పెట్టు. చక్రాలే కదా మా శెట్టి ఊడదీయమన్యాది, దానికింత మోత ఎందుకు? ఒక్కొక్క దెబ్బా వచ్చి నా నెత్తిన పడినట్లుండాది.

బోల్టు తుప్పు పట్టిందా? పట్టదా మరి! మూడేండ్లు. మూడేండ్లుగా ఈ గోదాములో శెనక్కాయ మూటల సందున పడుండాది. ఎలుకలు సీటు కొరికి పిల్లల్ని పెట్టినాయి. కోళ్ళు ఎక్కి... ఏం చెప్పేదిలే. అన్నీ చూస్తానే ఊరికే ఉంటి.

రేపు కడప నుంచి పాతినుము మనిషి వస్తాడంట. చక్రాలు ఊడదీసి పెడితే, మిగిలిందాన్ని పగలగొట్టి ఎద్దులబండికి ఏసుకోని పోతాడంట. పొద్దన్నే సంగటి తింటా తింటా చెప్పినాడు మా శెట్టి, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్లు.

ఏం మనిషప్పా ఆయన! మూడేండ్లు నీ మొగం చూడకుండా ఉండి, ఇప్పుడు దీన్ని చంపేదానికి నువ్వే కావల్సొచ్చినావా? నువ్వన్నా రానని చెప్పకూడదా? పిలుస్తానే వస్తివి. ఒక్క మాట అడగల్యా. నీ మర్యాద నీ దగ్గరే పెట్టుకో.

ఇదో, మజ్జిగ. తాగు ముందు.

మజ్జిగ ఇచ్చేదానికి రాలేదులే నేను. తలుపు దగ్గరికేసి వచ్చినా. హమాలీలు అన్నాలకు పోయినారు. వాండ్లు వచ్చేలోగా నీకొక మాట చెప్పల్ల.

నవ్వొద్దు. కన్యకమ్మ ఒక్క మాటతో నిలబెట్టేది కాదని రాయచోటంతా ఎరుగుదురు, నాకు తెలీదా?

దీన్ని తెచ్చిన పొద్దు నీకు జ్ఞాపకముండాదా? స్వతంత్రం వచ్చిన రెండేండ్లకు. మదనపల్లెలో ఒక దొర డాక్టరు సీమకు పోతా పోతా అమ్ముకోని పాయ. మా ఇంటాయన, జొన్నలూ శెనక్కాయలూ తప్ప వేరే ఎరగని రామసుబ్బయ్య శెట్టి, తానే తోలుకోని బజార్లోకి వచ్చె. నేను హారతి పళ్ళెం పట్టుకోని వాకిట్లో నిలబడింటి. ఏదో పెద్ద కారు వస్తాదనుకుంటే, పెండ్లిలో తప్పిపోయిన పిల్ల మాదిరి ఇదొచ్చె. పచ్చి మామిడికాయ రంగు. గుండ్రంగా రెండు దీపాలు. అంతే.

దర్జీ గోపన్న వచ్చి ముందర ఉండే అక్షరాలు చూసి చూసి, "శెట్టీ! ఇది నా మిషను మింద ఉండే పేరే కదప్పా, సింగరు!" అనె.

అంతే, బజారు బజారంతా నవ్వె. ఆ సింగరు వేరే కంపెనీ, ఈ సింగరు వేరే కంపెనీ అని మా శెట్టి ఎంత చెప్పినా వింటారా ఎవురన్నా? ఆ పొద్దు నుంచి ఆయన మిషను శెట్టి, నేను మిషను శెట్టెమ్మ. ఆయనేమో నవ్వుకునె. నాకు నవ్వు రాల్యా.

ఒక మాట చెప్పు నువ్వు, నిజం చెప్పల్ల. నీ చేతుల కింద ఎన్ని కార్లు పోయింటాయి? కంట్రాక్టర్లవి, పెద్దరెడ్లవి, ఆఫీసర్లవి. ఇట్లాంటి బండిని ఇంగొకదాన్ని చూసినావా?

చూళ్ళేదు కదా. నాకూ తెలుసు. ఎప్పుడూ ఒప్పుకోల్యా గానీ, తెలుసు.

మాండవ్య ఏటి ఇసకలో పెద్ద పెద్ద కార్లు పొట్ట దాకా దిగబడితే ఎద్దుల్ని కట్టి లాగిస్తాండిరి. ఇది తేలిక కదా, కోడిపిల్ల మాదిరి ఇసక మింద గీతలు పెట్టుకుంటా ఆ గట్టుకు పోతాండె. గువ్వలచెరువు కనుమలో బస్సువాండ్లు జనాల్ని దించి నడిపిస్తాండిరి. ఇది నలుగుర్ని ఎక్కించుకోని, నడిమిట్లో ఒక్క తూరి నీళ్ళు తాగి, మూలుక్కుంటా మూలుక్కుంటా పైకెక్కుతాండె. కలరా వచ్చిన ఏడు సూదిమందు డబ్బాలు పల్లె పల్లెకూ మోసింది ఏది? ఇదే. సందుల్లోకి దూరి ముసలోళ్ళనీ, నిండు నెలల ఆడోళ్ళనీ కడప ఆసుపత్రికి చేర్చింది ఏది? ఇదే. వాండ్ల కులమేందని గానీ, కాళ్ళకు బురదుండాదని గానీ మా శెట్టి ఒక్కనాడు చూళ్ళేదు. తలుపు తీసి, "ఎక్కుతల్లీ" అనేటోడు.

నేను చూసేదాన్ని. వాండ్లు దిగినాక సీటు నీళ్ళు పెట్టి తుడిపిచ్చేదాన్ని. నా బుద్ధి అట్లాంటిది మరి.

కర్నూలుకు రాజధాని వచ్చినప్పుడు చూసొస్తామని నన్ను ఎక్కించుకోని పోయె. అంత దూరం! దావలో ఒక్క తూరి నిలబడింటే ఒట్టు. ఆడ డేరాలు, జెండాలు, తళతళా కొత్త కార్లు. ఒక పోలీసాయన లాఠీతో దీని మూతి మింద తట్టి, "ఈ ఆటబొమ్మ ఎవరిది? దూరంగా తీసకపో" అనె. మా శెట్టి నవ్వుతా తీసకపాయ.

నేనేం చేస్తినో తెలుసునా? కొంగు మొగానికి అడ్డం పెట్టుకోని నాలుగడుగులు పక్కకు జరిగితి. ఆ బండి నాది కాదు, ఆ మనిషి నా మొగుడు కాదు అన్నట్లు. అంత దూరం ఒళ్ళు అలవకుండా తీసకపోయిన బండినే.

ఇంగ పొద్దుటూరు సంగతి. మా అన్న మునిరత్నానికి ఆడ బట్టలంగడి, నీకు తెలుసు. ఆయన మనవడికి పేరు పెట్టేదానికి దీంట్లోనే పోతిమి. పెద్ద చుట్టాలు వస్తాండారు, వాకిట్లో చోటు ల్యా అని దీన్ని దొడ్డి పక్కకు తోలించిరి. ఎనుముల పక్కన! పదిమంది ఆడోళ్ళ నడుమ మా వదిన సుందరలక్ష్మి ఏమనిందో చెప్పనా? "ఏం వదినా, దావలో ఊరికే కూర్చునేదెందుకు, మీ బండి కిందనే రెండు రవికెలు కుట్టించుకోని రాకూడదా?"

అందరూ పడి పడి నవ్విరి. నేనూ నవ్వితి.

ఇంగ జన్మలో పుట్టింటికి ఈ బండెక్కి పోకూడదని ఆ పొద్దే అనుకుంటి.

ఏమప్పా, ఆ స్పానరు పట్టుకోని అట్ల చూస్తాండావు? కూర్చో. ఆ మూట మింద కూర్చో. నువ్వు నిలబడుంటే నాకు నోరు రాదు.

అన్న కొత్త మిద్దె కట్టె. గృహప్రవేశం శుక్రవారం తెల్లారుజామున. గురువారం మద్దేన్నానికి బయల్దేరల్ల. మా శెట్టి బుధవారం నిన్ను పిలిపించి బండి అంతా చూపించె. గుర్తుండాది కదా? నీకు తొందర, మీ అత్తగారూర్లో ఉరుసు. అయినా పొద్దు గుంకే దాకా కూర్చోని ప్రతిదీ తుడిస్తివి.

నేను కాపీ తెచ్చిచ్చినా. నీ చేతిలో నల్లటి తునక ఒకటి, బొటనవేలంత. "ఏందప్పా అది?" అంటి. నువ్వు చెప్పినావు. "రోటరంటారమ్మా దీన్ని. ఈ మూత కింద తిరుగుతాంటాది. ఇంత ఉండాది గానీ, ఇది లేకుంటే బండి శవమే."

నువ్వు ఊరికే చెప్పినావు. ఆడది అడిగిందని నవ్వుతా చెప్పినావు.

మెల్లగా... మెల్లగా చెప్పనీ. నువ్వు లేచొద్దు.

అంతకు ముందురోజే, మంగళవారమే, మా అన్నకు జాబు రాసి బస్సు కండక్టరు చేతిలో పెట్టినా. "మా బండి చెడిపోయింది, మీ కారు పంపు" అని. చూడు నా తెలివి! బండి చెడకముందే చెడిందని రాసినా. యెట్ల చెడగొట్టల్లనో తెలీదు గానీ, ఏదో చేస్తాననుకుంటి. దేవుడు నీ నోటితో చెప్పించె.

గురువారం కోడి కూయకముందే లేచి, ఆ మూత తీసి, ఆ తునక తీసుకోని, చింతపండు కుండలో దాచిపెడితి.

అవునప్పా. నేనే. ఈ చేతులే.

మా అన్న కారులో, ఆ పొడుగాటి నల్ల కారులో దిగితే సుందరలక్ష్మి మొగం యెట్లుంటాదో చూడల్ల. అంతే నాకు కావల్సింది. ఇంగేమీ కాదు. సాయిబాబా సాక్షి... సాక్షులెందుకులే ఇప్పుడు.

పొద్దు బారెడెక్కినాక హనుమన్న పరిగెత్తుకోని వచ్చె. మన హమాలీ హనుమన్నే. పెండ్లాం సిద్దమ్మకు రాత్రి నుంచి నొప్పులంట. బిడ్డ అడ్డం తిరిగిందని, నావల్ల కాదు కడపకు తీసకపొమ్మని మంత్రసాని భీమమ్మ చెప్పిందంట. బస్సు పోయి శానాసేపాయె. ఇంగొకటి సాయంత్రం దాకా ల్యా.

మా శెట్టి తింటాండే పళ్ళెం వదిలేసి లేచె. హ్యాండిలు ఏసి తిప్పె. తిప్పె. తిప్పె. ఎండలో చెమట కారిపోతాంటే పంచె ఎగ్గట్టుకోని తిప్పె. అరచేతులు బొబ్బలెక్కి పగిలె. "ఏమైందే తల్లీ నీకు, ఎన్నడూ నిలబడనిదానివి ఈ పొద్దే నిలబడల్నా" అని బండితో మాట్లాడతా తిప్పె.

హనుమన్నతో పాటు ఇంగ నలుగురు బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా తోసిరి. గోపన్న మిషను ఇడిసిపెట్టి వచ్చి తోసె. మొదట్లో ఎవురో నవ్విరి, మిషను ఆగిపోయిందిరో అని. సిద్దమ్మను తీసుకొచ్చి మా అరుగు మింద పండబెట్టినాక ఎవురూ నవ్వల్యా.

నేను యాడ ఉంటినంటావా? గడపలోనే ఉంటి.

రెండు తూర్లు వంటింట్లోకి పోతి. రెండో తూరి కుండలో చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీస్తి కూడా. పిడికిట్లో పట్టుకోని గడప దాకా వస్తి. వాకిట్లో ముప్పై మంది. అందరూ బండి వైపు చూస్తాండారు. ఇదో అని ఇస్తే, నీ దగ్గరికెట్ల వచ్చిందని అడగరా? మా శెట్టి నా మొగంలోకి చూడడా?

బండి దాకా పోల్యా దస్తగిరీ, మళ్ళా కుండలోనే పెట్టేస్తి. పది అడుగులు. పదే పది అడుగులు.

ఇంగ కాసేపట్లో అన్న కారు వస్తాదిలే, దాంట్లో పంపిస్తామని నాకు నేనే చెప్పుకుంటి. మనసు ఎంత సులువుగా దావలు ఎతుక్కుంటాదో చూడు!

వాండ్లు ఎద్దులబండి కట్టిరి. మా శెట్టి గూడా దాంట్లోనే ఎక్కి పాయ. అన్న కారు వచ్చేసరికి రెండు గంటలు దాటె. నేను ఎక్కి, "తోలప్పా, తొందరగా తోలు, కడప దావన ఎద్దులబండి ఉండాది" అని డ్రైవరు ప్రాణం తీస్తి. ఏడెనిమిది మైళ్ళ మింద కనపడిరి. మా శెట్టి దిగి ఎద్దుల పక్కన పరిగెత్తుతాండాడు, చెప్పులు కూడా ల్యా కాళ్ళకు.

సిద్దమ్మను కారులోకి మారిస్తిమి. తల నా ఒళ్ళో పెట్టుకుంటి. గువ్వలచెరువు కనుమలో పోయేటప్పుడు, అంత నొప్పిలో, ఆ పిల్ల నా కొంగు పట్టుకోని ఏమనిందో తెలుసా? "అమ్మా, నీ పట్టు కోక పాడైపోతాదే."

నా కోకంట! నా కోక గురించి ఆలోచన చేసెనప్పా ఆ పిల్ల.

కడప ఆసుపత్రిలో డాక్టరమ్మ శానా పాటుపడె. బిడ్డ బతికె. సిద్దమ్మ పాయ. బయటికొచ్చి, "ఒక్క గంట ముందు తెచ్చింటే" అనింది ఆయమ్మ. అదొక్క మాటే. హనుమన్న ఆ గోడకు ఆనుకోని అట్లే కిందికి జారి కూర్చునె.

ఆ తర్వాత జరిగింది నీకు నాకంటే బాగా తెలుసు. నింద మోసినోడివి నువ్వే కదా.

ఊరేమనింది? మునిరత్నం శెట్టి కారు రాకుంటే బిడ్డ కూడా దక్కకపోవునంట. ఏం కారబ్బా అది, ఏనుగు మాదిరి! కన్యకమ్మ ఎంత పుణ్యాత్మురాలు, పుట్టింట్లో శుభకార్యం పెట్టుకోని హమాలోడి పెండ్లాన్ని ఒళ్ళో పండబెట్టుకునిందే! ఈ మిషను డబ్బా మాత్రం, దీన్ని తగలెయ్య, నమ్ముకున్న పొద్దే ప్రాణం తీసె.

ఇంగ నిన్ను. ఉరుసు తొందరలో సగం పని చేసి పోయినాడనిరి. దస్తగిరి చెయ్యి పెడితే బండి నిలబడిపోతాదనిరి. ఆడ మొదలైతే ఆగుతాదా? పెద్దరెడ్ల కార్లన్నీ వేరే షెడ్డుకు పాయ. అంత పనిమంతుడివి, ఇప్పుడు బస్టాండు కాడ సైకిళ్ళకు పంచర్లు ఏస్తాండావు.

నేను ఆ రాత్రే అదే కారులో పొద్దుటూరుకు పోయి, శనివారం తిరిగొచ్చి, ఎవురూ చూడకుండా ఆ తునక మళ్ళా దాని చోట్లో పెట్టేస్తి. ఆదివారం నువ్వు వస్తివి. అర తిప్పు తిప్పితివి, అంతే, గుర్రుమని లేచె బండి. నువ్వు మా శెట్టి మొగం చూస్తివి. ఆయన దీని మొగం చూసె. "ఆ పొద్దు రాని ప్రాణం ఈ పొద్దెందుకొచ్చె?" అనె. నీతో "ఇంగ నా బండి ముట్టుకోవద్దప్పా" అనె. గోదాములోకి తోసి తాళమేసె. మళ్ళా ఎక్కల్యా. నవ్వేది కూడా తగ్గిపోయె ఆయన.

సిద్దమ్మ కూతురికి హనుమన్న ఏం పేరు పెట్టినాడో ఎరుగుదువా? కన్యక. నా పేరప్పా! దోవలో కనపడినప్పుడల్లా, "అవ్వకు దండం పెట్టు, నిన్ను బతికించింది అవ్వే" అని ఆ పసిదాని చేతులు జోడిస్తాడు. ఆ చిన్న చేతులు చూస్తే నాకు యాడన్నా పోయి పడాలనిపిస్తాది. అయినా నవ్వి తల నిమురుతా. మూడేండ్లుగా నిమురుతానే ఉండా.

ఈ పొద్దు ఇనుము మాట విని, ఇంగ ఊరికే ఉండలేకపోతి. మనుషులైతే తమ తరపున తాము మాట్లాడుకుంటారు. ఇదేం మాట్లాడతాది పాపం? కనుమలెక్కింది, ఇసకలు దాటింది, ఎవరొస్తే వాళ్ళని మోసింది. చివరికి హత్య చేసినదన్న పేరుతో పోతాది. దీనికేం తప్పు ల్యా. నీకేం తప్పు ల్యా. అది చెప్పేదానికే వస్తి.

తిట్టు నన్ను. తిట్టప్పా, వినేదానికే తలుపేసి వచ్చినా. ఆ మజ్జిగ గ్లాసు తీసి నా మొగాన కొట్టు. అట్ల తల వంచుకోని కూర్చోవద్దు.

ఏమంటివి?

తెలుసా?

ఏం తెలుసు నీకు?

...పసుపా? మూత లోపలా?

అవును... ఆ శనివారం గృహప్రవేశం ఇంట్లో నుంచి నేరుగా వచ్చింటి. ఆ వేళ్ళతోనే. పొద్దన్నే ముత్తైదువులకు పూసిన పసుపు. నేను చూసుకోల్యా. నువ్వు చూసినావు. ఆదివారమే చూసినావు. మా శెట్టి పక్కనే నిలబడుండగా నీ గుడ్డతో తుడిచేసి మూత పెట్టేసినావు.

మూడేండ్లు! మూడేండ్లు నీకు తెలిసీ నా వాకిటి ముందర సైకిలు తోసుకుంటా పోయినావు. "బాగుండావా అమ్మా" అని పలకరించినావు.

ఎందుకప్పా? ఎందుకు నోరు మూసుకుంటివి? పెండ్లాంబిడ్డలున్న మనిషివి, నీ పని పోతాంటే, పేరు పోతాంటే!

ఏమంటివి? గట్టిగా చెప్పు.

"చెప్తే నమ్మేదెవరమ్మా."

నిజమే.

నేను ఇంగొకటి చెప్తా విను. ఇది ఇంతవరకూ నాకు నేను కూడా చెప్పుకోల్యా. ఆ పొద్దు నువ్వు నోరు తెరిచింటే నేనేం చేసిందునో తెలుసా? అమ్మవారిశాలలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేసిందును. నాకేం తెలీదు తల్లీ, తన పని చెడ్డదని ఒప్పుకోలేక ఈయప్ప ఇంటి ఆడదాని మింద నింద ఏస్తాండాడని. ఏడ్చి ఏడ్చి చేసిందును. ఊరంతా నన్నే నమ్మిండును. నిన్ను ఊర్లోనే ఉండనిచ్చిండరు. అది నువ్వు నా మొగం చూసే కనిపెట్టినావు, కాదా? ఇంజను చూసినట్లు చూసినావు నన్ను. అందుకే ఊరికే ఉంటివి.

వద్దులే, కాదని చెప్పొద్దు. నీ మర్యాద నాకొద్దు ఈ ఒక్క పొద్దన్నా.

లేస్తా ఇంగ. మోకాళ్ళు పట్టుకునె. మా శెట్టి అంగట్లో ఒక్కడే ఉంటాడు ఈయాలప్పుడు. పోయి చెప్తా. ఆయన అరిచే మనిషి కాదు, కొట్టే మనిషి కాదు. విని, ఊరికే ఉంటాడు. దానికే నాకు భయం.

హనుమన్నకా? అది మాత్రం ఇప్పుడడగొద్దు. ఒక్కొక్కటే అడుగు నన్ను.

ఆ ఊడదీసిన చక్రం పక్కన పెట్టు. ఇంగ దేని మిందా చెయ్యి పెట్టొద్దు, కాసేపాగు. హమాలీలు తిరిగొచ్చే దాకా. అప్పటికి మా శెట్టి ఈడికి వస్తే, నేను చెప్పినానని తెలుసుకో.

రాకుంటే... రాకుంటే ఏముందప్పా. చెప్పలేక ఇంట్లోకి పోయి, ఎప్పటి మాదిరే సంగటికి పొయ్యి ముట్టించుకోని ఉంటా. నా కోసం చూడొద్దు. నువ్వు ఊడదీసుకో.